మండుటెండల్లో పచ్చికూరల పళ్ళెం

గోదావరిఖని నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల శీర్షికకు ఆధారం. ఆమె భర్త బొగ్గు గనిలో మొదటి షిఫ్టు కార్మికుడు. ఉదయం 7 గంటలకు గనిలో దిగి, మధ్యాహ్నం 3 గంటలకు పని ముగించుకుని, మండుటెండలో ఇల్లు చేరుతారు. "వేడివేడి అన్నం, సాలన్ ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. చల్లగా ఏవైనా కోసి పెడదామంటే, 'ఒళ్ళు వంచి పనిచేసి వచ్చిన మనిషికి ఆకులూ అలములూ పెడతావా?' అని అత్తగారు నొచ్చుకుంటున్నారు. నన్నేం చేయమంటారు?" అని ఆమె అడిగారు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. అత్తగారి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. మన ఇళ్ళలో పచ్చికూరలంటే కచుంబరే. బిర్యానీ పక్కన నాలుగు ఉల్లిచక్రాలు, రెండు కీర ముక్కలు, ఒక నిమ్మచెక్క. పళ్ళెం అంచున ఉండవలసిన ఆ కాస్త పదార్థాన్నే మధ్యలో పెట్టి "ఇదే ఈ పూట భోజనం" అంటే ఏ తల్లి అయినా నొచ్చుకుంటుంది. కనుక కచుంబర్‌ను ఆకలి తీర్చే భోజనంగా మార్చడం ఎలాగో చూడాలి. అది తెలిస్తే తగవు చాలావరకు తీరుతుంది.

రామగుండం ఎండల గురించి ఆ ప్రాంతం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మే నెలలో రాష్ట్రపు ఉష్ణోగ్రతల పట్టికలో ఆ ఊరి పేరు పై వరుసల్లో కనిపించడం అందరికీ అలవాటైపోయింది. ఎండ 45 డిగ్రీలకు చేరడం అక్కడ వింత కాదు. ఓపెన్‌కాస్టు గనుల్లో నల్లని బొగ్గు పొరలు పగలంతా ఎండను పీల్చుకుని వేడిని వెళ్ళగక్కుతాయి. భూగర్భ గనిలో ఎండ సోకకపోయినా, తేమతో కూడిన ఉక్కపోత ఒంట్లోని నీటిని తోడేస్తుంది. వేసవిలో గనుల మీద కార్మికులకు మజ్జిగ పంచేది అందుకే. అయితే ఇంట్లో పొయ్యి ముందు నిలబడిన ఇల్లాలికి మజ్జిగ ఇచ్చేవారెవరు? రేకుల కప్పు కింద, గాలి ఆడని చిన్న వంటగదిలో, సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఆమె అన్నం వారుస్తూ, పప్పు ఎనుపుతూ, రొట్టెలు కాలుస్తూ ఉంటుంది. సోదరి తన ఉత్తరంలో ఈ సంగతి రాయలేదు. భర్త తినడం లేదన్న దిగులే రాశారు. ఈ పళ్ళెం వల్ల ఆయనకెంత మేలో, వేసవిలో ఒక గంట పొయ్యి వెలగకుండా ఆగినందువల్ల ఆమెకూ అంతే మేలు.

మన ధర్మం ఎండ తీవ్రతను లెక్కలోకి తీసుకుంది. ఎండ విపరీతంగా ఉన్నప్పుడు జుహర్ నమాజును కాస్త చల్లబడిన తర్వాత చేయమని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. నమాజు విషయంలోనే ఇంతటి సౌలభ్యం ఉన్నప్పుడు, భోజనం విషయంలో ఎండను పట్టించుకోకుండా ఏడాది పొడవునా ఒకే తీరు వంట సాగించాలని పట్టుబట్టడం ఎందుకు?

పచ్చికూరలు మర్యాదకు తగని తిండి అన్న భావనకు కూడా మన సంప్రదాయంలో ఆధారం లేదు. దైవప్రవక్త (సఅసం) తాజా ఖర్జూరాలతో కలిపి దోసకాయ తినగా తాను చూశానని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉంది. అందులోని అరబీ పదం 'ఖిస్సా'. ఇది మన బజారులో దొరికే లావుపాటి కీర కాదు. సన్నగా, పొడవుగా, వంకరలు తిరిగి ఉండే రకం. ఉర్దూలో మనం కకడీ అంటాము. వృక్షశాస్త్రం ప్రకారం అది ఖర్బూజాకు తోబుట్టువు. హజ్రత్ ఆయిషా (రజి) పెండ్లి నాటికి బాగా సన్నగా ఉండేవారట. ఆమెకు ఒళ్ళు చేయాలని తల్లి ఎన్నో ప్రయత్నాలు చేసి, చివరకు ఈ కకడీ, తాజా ఖర్జూరాలు కలిపి పెడితే ఫలితం కనిపించిందని అబూదావూద్, ఇబ్నెమాజా గ్రంథాల్లో ఉంది. "ఆకులూ అలములూ" అనే అత్తగారికి ఈ సంగతి వినయంగా చెప్పి చూడవచ్చు.

పుచ్చకాయను ఖర్జూరంతో తినడం గురించి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఉల్లేఖనం అబూదావూద్‌లో మరొకటి ఉంది. ఒకదాని వేడిని మరొకదాని చలువతో, దీని చలువను దాని వేడితో విరుస్తున్నామని దైవప్రవక్త (సఅసం) వివరించారని దాని భావం. వేడి చేసేవి, చలువ చేసేవి అని మన పెద్దలు నేటికీ మాట్లాడుకునే పద్ధతి ఇదే. సిర్కా విషయమూ అంతే. ఇంట్లో కూర ఏముందని అడిగితే సిర్కా తప్ప మరేదీ లేదన్నప్పుడు, దానినే తెప్పించుకుని, అది ఎంతో మంచి వ్యంజనమని దైవప్రవక్త (సఅసం) మెచ్చుకుంటూ ఆరగించారని సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న రావచ్చు. ఎవరైనా దివ్య ఖుర్ఆన్ లోని అల్ బఖర సూరా 61వ ఆయత్‌ను గుర్తు చేయవచ్చు. ఇస్రాయీల్ సంతతివారు ఆకుకూరలు, దోసకాయలు, వెల్లుల్లి, పప్పు, ఉల్లి కావాలని కోరినప్పుడు, ఉత్తమమైన దానికి బదులు తక్కువదాన్ని కోరుతున్నారా అని వారు మందలింపునకు గురయ్యారు కదా అని! ఆ మందలింపు కూరగాయలకు సంబంధించినది కాదు. శ్రమ లేకుండా అందుతున్న మన్న, సల్వాల పట్ల వారు చూపిన విసుగుకు, కృతఘ్నతకు సంబంధించినది. బీరువా నిండా బియ్యం ఉండి, దోసకాయ కోసుకుంటే తప్పు లేదు.

ఇక పళ్ళెం సంగతికి వద్దాము. కీరలో, టమాటాలో, పుచ్చకాయలో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. దాహం తీరుతుంది కానీ ఆకలి తీరదు. మధ్యాహ్నం మూడింటికి కడుపు నిండా కీర తిన్న కార్మికుడు అయిదింటికల్లా మళ్ళీ వంటగది వైపు చూస్తాడు. కాబట్టి నీటి కూరలతో పాటు పప్పుదినుసు ఏదైనా చేరాలి. శనగలు, పెసరపప్పు, పల్లీలు, ఉడికించిన గుడ్డు, రాత్రి మిగిలి ఫ్రిజ్‌లో భద్రపరచిన కబాబు ముక్కలు, వీటిలో ఏదో ఒకటి. ఆపైన పులుపు. పులుపు లేని సలాడు ఎండలో గొంతు దిగదు. మనకు మే నెలలో మామిడికాయ ఉండగా పులుపునకు వెతుకులాట దేనికి?

అయిదుగురు ఉన్న ఇంటికి ఈ కొలతలు సరిపోతాయి. ఒకటిన్నర గ్లాసుల కాబూలీ శనగలు రాత్రి ఇషా తర్వాత నానబెట్టండి. ఫజర్ నమాజు అయ్యాక, ఇంకా గాలి చల్లగా ఉండగానే, కొద్దిగా ఉప్పు వేసి కుక్కరులో మెత్తబడేదాకా ఉడికించండి. నీరు వంపి (ఆ నీటిని పారబోయకండి, ఉదయం చారులోకి పనికొస్తుంది), చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వారు ఇల్లు చేరి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నమాజు చేసుకునే లోపల మిగిలిన పని పూర్తవుతుంది. మూడు కీరలు, రెండు గట్టి టమాటాలు, ఒక చిన్న మామిడికాయ, ఒక ఉల్లిగడ్డ శనగగింజ పరిమాణంలో తరగండి. ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, రెండు పచ్చిమిర్చి. శనగలు కలిపి, రెండు నిమ్మకాయలు పిండి, వేయించిన జీలకర్ర పొడి, మిరియాల పొడి చల్లండి. పైన దోరగా వేయించిన పల్లీలు. పక్కన గిన్నెడు గట్టి పెరుగు ఉంటే ఆ పూటకు అన్నం అక్కరలేదు. కావాలన్నవారికి ఒక రొట్టె చాలు.

ఉప్పు మాత్రం చిట్టచివర, తినబోయే ముందు వేయాలి. ముందే వేస్తే కూరముక్కల్లోని నీటిని ఉప్పు బయటకు లాగేస్తుంది. పావుగంటకే ముక్కలు వడలిపోయి, గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి. చాలా ఇళ్ళలో కచుంబర్ రుచించకపోవడానికి కారణం ఇదొక్కటే. బిర్యానీకి ముందే కలిపి పక్కన పెట్టేస్తారు! కీర కోసేటప్పుడు తొడిమ వైపు కాస్త ఎక్కువే తీసివేసి, చిన్న ముక్క రుచి చూడండి. బాగా చేదుగా ఉంటే మొహమాటం లేకుండా పారవేయండి. ఆ చేదు కడుపును పాడు చేస్తుంది.

ఫ్రిజ్ లేని ఇంట్లో ఉదయం ఉడికించిన శనగలను మధ్యాహ్నం దాకా ఉంచవద్దు. ఆ ఎండకు పులిసిపోతాయి. వాసన రాకపోయినా తినడం మంచిది కాదు. అటువంటి చోట పెసరపప్పు ఎంతో నయం. తాగే నీటిలో గంటసేపు నానితే చాలు, పొయ్యితో పని లేదు. నీరు వంపి, తురిమిన క్యారెట్, సన్నగా తరిగిన మామిడికాయ, కొత్తిమీర, నిమ్మరసం కలపాలి. మన ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలు దీనినే వడపప్పు అంటారు. ఎండాకాలం పదార్థాల్లో ఇంతకన్నా తేలికైనది నాకు తెలియదు. పుట్నాలు, వేయించిన పల్లీలు కూడా డబ్బాలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవే.

పప్పుదినుసుల మీద నిమ్మరసం, మామిడికాయ పులుపు పడటంలో రుచిని మించిన ప్రయోజనం ఉంది. పప్పుల్లోని ఇనుమును శరీరం అంత తేలికగా గ్రహించదు. పులుపు పండ్లలోని సి విటమిన్ తోడైతే మెరుగ్గా గ్రహిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే ఈ పళ్ళెం అవసరం గని నుండి వచ్చిన వారికన్నా దాన్ని తయారుచేసే చేతులకే ఎక్కువ కావచ్చు. అందరికీ పెట్టి గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటును ఈ ఒక్క విషయంలోనైనా మానుకోండి. తిన్న వెంటనే చాయ్ తాగితే ఈ ప్రయోజనం తగ్గిపోతుంది. ఒక గంట ఆగండి. కష్టమే, కానీ ఆగండి.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎందరో. అక్కడి నుండి వచ్చిన అన్నదమ్ములు ఫత్తూష్ పేరు తలచుకుంటూ ఉంటారు. అది లెబనాన్, సిరియా ప్రాంతాల వంటకం. పేరు గొప్పగా ఉన్నా, మూలం మిగిలిపోయిన రొట్టే. పొద్దుటి రొట్టెలు రెండు మిగిలితే ముక్కలుగా తుంచి, పెనం మీద చుక్క నూనెతో కరకరలాడేలా వేయించండి. కీర, టమాటా, ముల్లంగి, పుదీనా కలిపిన గిన్నెలో వడ్డించే ముందు ఆ ముక్కలు వేయండి. అరబ్బులు సుమాక్ అనే ఎర్రని పుల్లటి పొడి చల్లుతారు. మనకు ఆమ్‌చూర్ సరిపోతుంది. రొట్టెలను డాబా మీద ఎండబెడితే పెనం కూడా అక్కరలేదు కదా అని మీకు తోచవచ్చు. ఆ ఎండకు అవి కరకరలాడతాయి, నిజమే, కానీ బొగ్గు దుమ్ము కూడా వాటితోపాటు పళ్ళెంలోకి వస్తుంది. అరబ్బుల మరో వంటకం తబూలే చేయాలనుకునేవారికి చిన్న హెచ్చరిక. అక్కడ వాడే బుర్గుల్ ముందే ఉడికించి ఎండబెట్టిన గోధుమ నూక. నానితే చాలు. మన దుకాణాల్లో దొరికే గోధుమ రవ్వ పచ్చిది, ఉడికించక తప్పదు. ఇది తెలియక నానబెట్టి తిని కడుపునొప్పి తెచ్చుకున్నవారున్నారు.

జుమా రోజు ఉల్లి విషయంలో జాగ్రత్త వహించాలి. రెండో షిఫ్టు వారు సాధారణంగా భోజనం చేసి, జుమా నమాజు ముగించుకుని, 3 గంటలకు గని చేరుకుంటారు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. అయితే అవి నిషిద్ధాలు కావు. తన ముందుకు వచ్చిన కూరలో ఆ వాసన గమనించినప్పుడు, తాను తినకుండా దగ్గరున్న అనుచరుణ్ణి తినమన్నారు. తినక తప్పనివారు వాటిని బాగా ఉడికించి ఘాటు చంపమని హజ్రత్ ఉమర్ (రజి) తన ప్రసంగంలో సూచించారు. కచుంబర్‌లో ఉడికించిన ఉల్లి బాగుండదు. కనుక ఆ ఒక్క రోజు ఉల్లిని వదిలేసి, దాని కరకరను మామిడికాయతో, దాని ఘాటును అల్లం తురుముతో పూరించండి. మిగతా రోజుల్లో తరిగిన ఉల్లిని చల్లని నీటిలో పది నిమిషాలు ఉంచి పిండితే ఘాటు చాలావరకు నీటిలోకి పోతుంది. నిమ్మరసంలో నానితే గులాబీ రంగు తేలి పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. వాసన పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు.

పచ్చిగా తినేదానికి శుభ్రత రెట్టింపు అవసరం. ఉడికేటప్పుడు నిప్పు చేసే పనిని ఇక్కడ మన చేతులే చేయాలి. బొగ్గు ప్రాంతంలో సంతలో నేల మీద పోసిన కూరలపై ఎంత నల్లటి పొడి ఉంటుందో కడిగిన మొదటి నీరే చెబుతుంది. తొక్క తీయబోయే కీరనైనా ముందు కడగాలి. లేకపోతే మురికిని కత్తే లోపలికి తీసుకుపోతుంది. కొత్తిమీర, పుదీనా కట్టలు విప్పి, వేర్లు తీసి, నీరు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు సార్లు జాడించండి. మాంసం కోసిన పలక మీద కూరలు తరగవద్దు. మన ఇళ్ళలో ఈ పొరపాటు ఎక్కువ. ఒకసారి కోసిన ముక్కలు ఆ ఎండలో గంటకు మించి బయట ఉండరాదు. రోడ్డు పక్క కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు ఎంత ఎర్రగా నోరూరించినా కాయ కొని ఇంట్లోనే కోసుకోండి. రమజాన్ మే నెలలో వచ్చిన 2018, 2019 సంవత్సరాలు గుర్తున్నవారికి ఇఫ్తార్ పళ్ళేల సంగతి తెలుసు. అసర్‌కే కోసి పెట్టిన పండ్ల ముక్కలు మగ్రిబ్ నాటికి నీళ్ళు కారుతూ ఉండేవి.

గనికి డబ్బాలో పంపవచ్చా అని కొందరు అడుగుతారు. తరిగి, కలిపి పంపవద్దు. పెరుగు కలిపినది అసలే వద్దు. రెండు కీరలు కడిగి, తుడిచి, కోయకుండా పంపండి. విరామంలో కొరుక్కు తింటారు. వేయించిన పల్లీలు వేరే పొట్లంలో, ఉప్పూ జీలకర్ర పొడి చిన్న కాగితంలో కట్టి ఇవ్వండి. కోయని కీర మంచినీళ్ళ సీసా లాంటిది, దాని తొక్కే దానికి మూత.

రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో డాక్టరు చెప్పిన మోతాదు దాటరాదు. వారి గిన్నెను ఉప్పు కలపక ముందే వేరుగా తీసి పెట్టండి. మధుమేహం ఉన్నవారు శనగల పళ్ళెం తినవచ్చు. పుచ్చకాయ, ఖర్జూరాలు కలిపిన గిన్నె దగ్గర మాత్రం చేయి బిగపట్టాలి. ఇంకొక సంగతి ముఖ్యమైనది. ఎండ నుండి వచ్చిన మనిషి తల తిరుగుతోందని, వాంతి వస్తోందని అంటున్నా, మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది సలాడుతో తీరేది కాదు. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ, విసురుతూ, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. స్పృహ సరిగా లేని వారి నోట్లో నీళ్ళు కూడా పోయవద్దు.

సోదరి అడిగిన అసలు ప్రశ్నకు తిరిగి వస్తాను. మొదటి రోజే సాలన్ మానేసి ఈ పళ్ళెం పెట్టవద్దు. సాలన్ కొద్దిగా ఉండనివ్వండి, ఖట్టీ దాల్ ఉన్నా సరే. పక్కన ఈ గిన్నె పెట్టండి. తరగడానికి అత్తగారినే కూర్చోబెట్టండి. మామిడికాయ సన్నగా తరగడంలో పెద్దవారి చేతికి ఉన్న నేర్పు మనకు రాదు. పులుపు సరిపోయిందో లేదో ఆమెనే రుచి చూడమనండి. నాలుగు రోజులు గడిస్తే ఏ గిన్నె ముందు ఖాళీ అవుతుందో ఇద్దరికీ కనిపిస్తుంది, ఇన్షాఅల్లాహ్. శనగలు మాత్రం ఈ రాత్రి ఇషా తర్వాత మరచిపోకుండా నానబెట్టండి.